డాక్టరు గారు నమ్మకూడదు

దత్తాత్రేయ మొదలెట్టిన సినిమాలన్నీ మధ్యలోనే చతికిలబడ్డాయి. దాంతో మామగారు తేల్చి చెప్పేశారు: ఈ పొట్టి సినిమా కూడా గట్టెక్కకపోతే నోరు మూసుకుని గవర్నర్‌పేటలో తన కుళాయిల కొట్లో కూర్చోవాలి. అందుకే మనవాడు ఈసారి ఖర్చు లేని రకం పట్టుకున్నాడు, సైకలాజికల్ హారర్. దానికి దెయ్యం కూడా అక్కర్లేదు. ఒక పాత ఇల్లు, ఒక అద్దం, అందులో తనకొక్కదానికే ఎవరో కనిపిస్తున్నారని ఏడ్చే అమ్మాయి, ఆ ఏడుపు నమ్మని డాక్టరు ఉంటే చాలు. ఎవరూ నమ్మకపోవడంలోనే ఉందట భయమంతా.

ఉయ్యూరులో చెరుకు రైతు వీరభద్రరావు గారు తన ఇల్లు ఉత్తినే ఇచ్చారు, డాక్టరు వేషం తనకే ఇవ్వాలన్న షరతు మీద. ఆయన చెప్పాల్సింది ఒక్కటే మాట, అదంతా నీ భ్రమ అని.

హీరోయిన్ సంయుక్త మొదటి టేకులోనే గుండె తరుక్కుపోయేలా ఏడ్చింది. వీరభద్రరావు గారు కళ్లు తుడుచుకుని, అద్దం ఎప్పట్నుంచి ఇలా చేస్తోందని అడిగారు. రెండో టేకులో లేచెళ్లి అద్దానికి దుప్పటి కప్పేశారు. ఆ తర్వాత ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గారు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి పిల్లకి దిష్టి తీసి పొయ్యిలో వేశారు. ఆ ఘాటుకి కెమెరామన్ లాజరు దగ్గుతూ వరండాలోకి పరిగెత్తాడు. పక్కింటివాళ్లు వచ్చి, నాలుగు రోజులు మా ఇంట్లో ఉండమ్మా అని సంయుక్తని పిలిచారు కూడా. ఒంటరితనం మీద తీస్తున్న సినిమాలో కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

దత్తాత్రేయ బతిమాలి, దణ్ణం పెట్టి, డాక్టరు గారు నమ్మకూడదని మళ్లీ మళ్లీ చెప్పాడు.

"ఆడపిల్ల అంతలా ఏడుస్తుంటే అబద్ధమని ఎలా అంటాం బాబూ? నాకు నోరు రావట్లేదు," అన్నారు వీరభద్రరావు గారు, నిజంగానే బాధపడుతూ.

పొద్దు వాలింది. వెలుతురు తగ్గిపోతోందని లాజరు మళ్లీ కెమెరా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. దత్తాత్రేయకి మాత్రం ఓపిక అయిపోయింది. రోగి కూర్చునే కుర్చీలో తనే కూలబడి, ఎదురుగా తెల్లకోటులో కూర్చున్న పెద్దాయనతో కడుపులో ఉన్నది కక్కేశాడు.

"నాలో ఒక గొప్ప డైరెక్టరున్నాడండీ. నాకు రోజూ కనిపిస్తాడు. ఇంకెవరికీ కనిపించట్లేదు."

వీరభద్రరావు గారు అతన్ని ఎగాదిగా చూశారు. తర్వాత ముందుకు వంగి, అతని భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అన్నారు.

"అదంతా నీ భ్రమ బాబూ."

ఒక్క తడబాటు లేదు. కళ్లనిండా జాలి, గొంతునిండా నమ్మకం. దత్తాత్రేయకి ఒళ్లు జలదరించింది. పొద్దుట్నుంచీ ఆ భయం కోసమే కదా చచ్చాడు. అంతా కెమెరాలో పడిందనీ, టేకు ఓకేనా అనీ లాజరు మెల్లగా అడిగాడు. కాదనడానికి ఎంత వెతికినా ఒక్క వంకా దొరకలేదు.

ఓకే అనేసి, పక్కకెళ్లి మామగారికి ఫోన్ చేసి, కొట్టు పొద్దున ఎన్నింటికి తెరుస్తారని అడిగాడు.