అరగంట లాభం

మా అన్నయ్య రైన్‌హోల్ట్‌కి ఆశ ఎక్కువ. తోడబుట్టినవాడు కాబట్టి ఆశ అంటున్నాను గాని, దురాశ అనాలి. మేమిద్దరం ఆపిల్ వైను దుకాణం నడిపే ఇల్లు అమ్మకానికొచ్చింది. ఇంటి యజమాని గెర్లాఖ్ మాకు ఆ సాయంత్రం దాకా గడువిచ్చాడు. మేం కొనకపోతే వేరేవాడు కొని మమ్మల్ని వెళ్ళగొడతాడు. ఇంటికని కూడబెట్టిన డబ్బంతా అన్నయ్య నాకు చెప్పకుండా, ఇళ్ళు కట్టి అద్దెకిచ్చే ఓ కంపెనీ షేర్లలో పోశాడు. ఆ కంపెనీ బతికేదే అప్పుల మీద. నది ఒడ్డున గాజు మేడలో కూర్చున్న సెంట్రల్ బ్యాంకువాళ్ళు, ధరలు తగ్గించాలంటూ వడ్డీ పెంచినప్పుడల్లా మా డబ్బు కరిగిపోయింది.

ఆ మధ్యాహ్నం గెర్లాఖ్ మూల బల్ల దగ్గర గుడ్లూ, ఆకులు నూరి చేసిన పచ్చ సాసూ తింటున్నాడు. అన్నయ్య గల్లా వెనక ఫోనులో షేరు ధర చూస్తూ కూర్చున్నాడు. రెండుంపావుకి బ్యాంకు ప్రకటన వచ్చింది. ఈసారి వడ్డీ పెంచడం లేదట! షేరు గభాలున లేచింది. చూస్తుండగానే పోయినదంతా తిరిగొచ్చింది.

"అమ్మెయ్ అన్నయ్యా! ఇల్లు మనదైనట్టే."

"ఉండవే ఇర్మా. అరగంటలో వాళ్ళ పెద్దాయన టీవీలో మాట్లాడతాడు. ఓ తీపి కబురు చెప్పాడంటే వంటగది పైకప్పు కూడా వేయించుకోవచ్చు."

"తగలబడనీ పైకప్పు! నీ కాళ్ళు పట్టుకుంటాను, అమ్మెయ్."

"అరగంటేగా! ఈలోగా ఏం కొంప మునిగిపోతుందే?"

ఫోను లాక్కోబోయాను. చంటిపిల్లాడిలా చొక్కాలో దాచేసుకున్నాడు.

పెద్దాయన టీవీలోకి వచ్చాడు. తీరిగ్గా నీళ్ళు తాగాడు. ధరలు ఇంకా అదుపులోకి రాలేదు, అవసరమైతే వచ్చేసారే వడ్డీ పెంచుతామన్నాడు. అంతే, షేరు కుప్పకూలింది. పొద్దున ఉన్నచోట కూడా ఆగకుండా ఇంకా కిందికి పోయింది.

గెర్లాఖ్ మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా, అవతలివాడికి ఏం చెప్పమంటావు?"

"ఆరు వారాల్లో బ్యాంకు మళ్ళీ కూర్చుంటుంది, గెర్లాఖ్ గారూ. అప్పుడు తప్పకుండా లేస్తుంది. అంతదాకా ఆగండి, మీకు పుణ్యముంటుంది."

"ఆరు వారాలా! ఇన్నాళ్ళు ఆగిందే మీ నాన్న మొహం చూసి." టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అన్నయ్య గల్లా వెనకే కూలబడ్డాడు. కడుపు మండిపోయి నాలుగు తిట్టాలని నోరు తెరిచాను.

"ఇర్మా, ఈ వయసులో నాకు పనెవరిస్తారే? కూజా వంచి వైను పొయ్యడం తప్ప నాకేం వచ్చు?"

నాకూ అదొక్కటే వచ్చు. ఆ మాట పైకి అనలేక, అతని పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చాను.