పెంబా నుంచి వచ్చిన లవంగం మొక్క

రయ్యా పెరట్లోని చెట్టు ఆ ఏడాదే తొలిసారి కాసింది. లవంగం చెట్టుకు మొగ్గలు రావాలి గాని ఈ కాయలేమిటని ఆమె కొమ్మ వంచి చూసింది. పచ్చగా ఉన్నవి కాస్తా ఊదారంగుకు తిరిగి, కిందపడి బండలన్నీ మరకలు చేశాయి. సలాలాలో ఖరీఫ్ అనే వానాకాలపు తుంపర మొదలై, ఉతికిన బట్టలు ఆరక చంపుకు తినే రోజులవి.

అది ఆమెకు మామూలు చెట్టు కాదు. తిరుగుబాటు గొడవల ఏడాది సముద్రం అవతలి పెంబా దీవి నుంచి పారిపోయి వచ్చినప్పుడు రయ్యాకు నాలుగేళ్ళు, అన్న నసోర్‌కు పదేళ్ళు. మేనమామ ఇద్దర్నీ ఎత్తి పడవలో వేశాడు. జ్వరంతో లేవలేని తల్లి అక్కడే ఉండిపోయింది, అక్కడే పోయింది. ఆమెను ఎక్కడ పాతిపెట్టారో తెలిసిన మనిషి అక్కడి పక్కింటి టాటు ఒక్కతే. అందుకే చాలా ఏళ్ళ కిందట రయ్యా అన్న కాళ్ళావేళ్ళా పడి పెంబాకు పంపింది. టాటు బతికుండగానే సమాధి చూసి, ఫాతిహా ప్రార్థన చదివి, గుర్తుగా రాయి నాటి, పక్కనున్న లవంగం చెట్టు కింద మొలిచిన పిల్లమొక్క ఒకటి తెమ్మంది. నసోర్ పాలడబ్బాలో మొక్క పెట్టుకుని తిరిగొచ్చాడు. చెప్పినవన్నీ చేశానన్నాడు.

లవంగం ఆకు నలిపితే చెయ్యంతా ఘుమఘుమలాడాలి. ఈ ఆకు నలిపితే పచ్చి మామిడాకు వాసనలాంటిదేదో వచ్చేది. రయ్యా అడిగినప్పుడల్లా నసోర్ నవ్వేవాడు.

"ఒంటరి చెట్టుకు వాసనెక్కడిదే, పిచ్చిదానా? అక్కడ దీవంతా అవే. పదిమందిలో ఉంటేనే దానికి వాసన పుడుతుంది."

ఎంత చక్కటి మాట! బుర్ర ఉన్నవాడెవడైనా పగలబడి నవ్వేవాడు. కాని నమ్ముదామని కూర్చున్న మనిషికి ఆ మాత్రం చాలు. ఒకసారి మనవరాలు ఇబ్తిసామ్ ఆకును ఫొటో తీసి ఫోనును అడిగితే, ఇది లవంగం కుటుంబానికి చెందిన చెట్టని చెప్పింది. అప్పుడు నసోర్ విర్రవీగిన తీరు చూడాలి.

"చూశావా, ఫోను కూడా ఒప్పుకుంది. ఇంక నీ అనుమానాలు కట్టిపెట్టు!"

రయ్యా కట్టిపెట్టింది. శుక్రవారం వచ్చిందంటే చెట్టు మొదట్లో నీళ్ళు పోసి ఫాతిహా చదివేది. ఇంట్లో పెళ్ళి కుదిరినా, బిడ్డ పుట్టినా ముందు ఆ చెట్టుకే చెప్పుకునేది. పెంబా వెళ్ళొద్దాం రమ్మని కొడుకు ఎన్నిసార్లు పిలిచినా, "అన్నయ్య చూసొచ్చాడుగా. అమ్మే నా పెరట్లోకి వచ్చేసింది, ఇంక నేనెందుకురా?" అనేది. ఇప్పుడు వెళ్దామన్నా మోకాళ్ళు ఆమె మాట వినవు.

ఈమధ్యే మస్కట్ నుంచి వచ్చి పక్కింట్లో దిగిన ముజ్నా, పెళ్ళీడు వచ్చేదాకా పెంబాలో పెరిగిన మనిషి. గోడ మీదుగా చెయ్యి చాపి నాలుగు పండ్లు కోసుకుని నోట్లో వేసుకుంది.

"రయ్యా! నేరేడు చెట్టు పెట్టుకుని చెప్పనేలేదేం? అన్నీ నువ్వే మింగేద్దామనా?"

"నేరేడేంటక్కా? అది లవంగం. మా అమ్మ సమాధి దగ్గర్నుంచి తెచ్చింది."

ముజ్నా ఊదాగా మారిన నాలుక బయటపెట్టింది. "లవంగం తింటే ఇట్టా అవుద్దా? లవంగాల తోటలో పుట్టి పెరిగినదాన్ని, నాకా చెప్తావ్? నీకెవరో బాగా టోపీ పెట్టారే తల్లీ!" అని నవ్వబోయి, రయ్యా ముఖం చూసి ఆగిపోయింది.

సాయంత్రం నసోర్ ఎప్పటిలాగే అల్లం కాఫీకి వచ్చాడు. రయ్యా మండాజీ బూరెల పక్కన నేరేడు పండ్ల పళ్ళెం పెట్టింది.

"బజార్లోవా?" అంటూ అతను ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"కాదు. అమ్మ సమాధి దగ్గరివి."

నసోర్ నమలడం ఆపేశాడు.

"అక్కడ లవంగం పక్కన నేరేడు కూడా ఉందేమో, అన్నయ్యా. పొరపాటున ఆ మొక్క పీకావేమో. ఉందని చెప్పు. నమ్ముతాను."

ఆమె నిజంగానే నమ్మి ఉండేది. నసోర్ గింజను గుప్పిట్లోకి ఉమ్ముకుని తల వంచుకున్నాడు.

"పక్క దీవి జాంజిబార్ దాకా వెళ్ళాను. పెంబా పడవ ఎక్కలేకపోయాను. లాడ్జి వెనక మురుక్కాలవ పక్కన ఏదో మొక్క కనిపిస్తే తెచ్చాను."

"ఎందుకు ఎక్కలేదు?"

"మనం పారిపోయిన రోజు అమ్మ నా చొక్కా పట్టుకుంది, రయ్యా. నేనే విడిపించుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

"ఆ మాట నాతో చెప్పలేకపోయావా? అప్పుడు నా కాళ్ళు బాగానే ఉన్నాయి. టాటు ఉంది. నేనే వెళ్ళేదాన్ని!" అంది రయ్యా. "మొన్న టాటు పోయిందని కబురొస్తే నాకంటే గట్టిగా ఏడ్చావే! అప్పుడైనా నోరు రాలేదా? ఇప్పుడు అమ్మెక్కడుందో చెప్పేవాళ్ళెవరు? ఇన్ని శుక్రవారాలు లాడ్జి మురుగులో మొలిచినదానికి ఫాతిహా చదివాన్రా నేను!"

అన్నను ఆమె 'రా' అనడం అదే మొదటిసారి. నసోర్ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమెకు జాలి కలగలేదు. కలగనందుకు తనమీద తనకే అసహ్యం వేసింది, అయినా కలగలేదు.

"రేపే మనుషుల్ని పిలిచి కొట్టించేస్తాను" అన్నాడు అతను కళ్ళు తుడుచుకుని. "అది నీ కళ్ళబడకుండా చేస్తాను."

"దాని మీద చెయ్యి వేశావంటే ఈ గుమ్మం తొక్కనివ్వను. అదేం చేసింది పాపం? ఒకసారి కాయడం మొదలుపెడితే ఏటా కాస్తుందట, ముజ్నా చెప్పింది. ఏటా వచ్చి నా ముందు కూర్చుని తిను."

పళ్ళెం అతని వైపు జరిపింది. నసోర్ ఇంకో పండు తీసుకున్నాడు. అతను నమిలి మింగేదాకా రయ్యా చూస్తూ కూర్చుంది.