రంగు పట్టేదాకా పాట

రికార్డుకి ఒక వైపంతా ఒకే పాట నింపే బ్యాండు పిల్లలు ఈ కాలంలోనూ ఉన్నారని రోవెనాకి ఆ పొద్దునే తెలిసింది. ఇంగ్లండులోని కాంటర్‌బరీలో ఆమె సెలూన్ పక్కనే రికార్డుల కొట్టుంది. అక్కడ ఒక కొత్త రికార్డు అట్ట మీద ఎగిరే తిమింగలాన్ని చూసి కొనేసింది. అదే ఆర్గన్, అదే ఫ్లూటు, అదే తిక్క తాళం! పడుచుతనంలో అందరూ వెక్కిరించినా తను ప్రాణంగా విన్న రాక్ సంగీతమే కొత్త గొంతులతో తిరిగొచ్చింది.

సెలూన్‌కి ఎప్పుడూ వచ్చే పార్జిటరమ్మ తలకి రంగు పట్టించి, ఆ రికార్డు పెట్టింది.

"ఏమ్మా, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అంది పార్జిటరమ్మ.

"మొదలై చాలాసేపైంది."

"ఇదేం గోల తల్లీ! ఈ సంగీతం ఎప్పుడో చచ్చిపోయిందిగా, ఆపెయ్."

"ఆ సంగతి ఈ పిల్లలకెవరూ చెప్పినట్టు లేదు. పాట అయ్యేదాకా రంగు ఉండాలి. ముందే లేస్తే క్యారెట్ రంగు తలతో ఇంటికెళ్తారు. మీ ఇష్టం."

పార్జిటరమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది. ఫ్లూటు వచ్చేసరికి చేతిలో పత్రిక మూసింది. డ్రమ్ములు విరుచుకుపడేసరికి కాలు కదిలించింది.

పాట అయిపోయింది. రోవెనా తల కడిగి, ఆరబెట్టి, అద్దం చూపించింది. పార్జిటరమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"రెండో వైపు కూడా ఉందా?"

"ఉంది," అంటూ రోవెనా కోటు అందించింది. "ఆ గోల పక్క కొట్లోనే అమ్ముతున్నారు. వెళ్లి కొనుక్కోండి."