నిధి నిక్షేప సహితం

మా ఇంటాయన నోరు మూసుకుని ఉంటే ఆ రాయి ఇంకో ఐదొందలేళ్ళు హాయిగా ఉండేది. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను.

షార్జా అల్ నహ్దాలో ఒక ఫ్లాటులో మాది ఒక గది. మిగతా గదుల్లో వేరే కుటుంబాలు. మా ఆయన బుడేన్ సాహెబ్ ఏసీలు బాగుచేస్తాడు. నేను స్కూలు బస్సులో ఆయాను. ఆదివారం వస్తే లోకంలో మగాళ్ళందరూ బిర్యానీ తిని పడుకుంటారు. ఈయన మాత్రం చప్పుడు పడుతుందని ఏసీ ఆపేసి, పక్క గది కుక్కరు కూతలు వినపడకుండా నెత్తిమీదుగా దుప్పటి కప్పుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని శాసనాలు చదువుతాడు. విజయనగర రాజుల కాలంలో మా కడప సీమలో ఎవరు చెరువు తవ్వించారు, ఎవరికి ఏ ఊరు దానమిచ్చారు, అంతా చెమటలు కక్కుతూ చెప్పి యూట్యూబులో పెడతాడు.

మా ఊరి వంక గట్టున సూర్యచంద్రులు చెక్కిన నిలువు రాయి ఒకటుంది. పోయిన సెలవుల్లో ఈయన దాన్ని కడిగి, సుద్దపొడి పూసి, ఫోటోలు తీసుకొచ్చాడు. కూడబలుక్కుంటూ చదివి చదివి, ఒక వరుస అర్థమైన రోజు నన్ను పిలిచి ఏడ్చాడు. ఆ ఊళ్ళో దూదేకేవాళ్ళకు పన్ను తీసేశారని ఉంది అందులో. మేం దూదేకులవాళ్ళం. నమాజు చేస్తాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అందుకే అటువాళ్ళూ ఇటువాళ్ళూ మీరెవరని అడిగేవాళ్ళే.

"దౌలతూ, ఐదొందల యేండ్ల కిందట మనోళ్ళు ఆ ఊర్లో ఉండారే! రాయి మీద రాసినారు" అన్నాడు.

వీసా మీద బతికే ఇంట్లో ఆ మాటకు ఎంత బలముంటుందో నాకూ తెలిసింది.

ఆ సంబరంలో రాయి మొత్తం చదివేశాడు. మధ్యలో 'నిధి నిక్షేప జల పాషాణ సహితంగా' అని ఉంటే దాన్నీ రాజుగారి గొంతుతో దంచాడు. భూమి ఇచ్చేటప్పుడు అందులో నీళ్ళున్నా, రాళ్ళున్నా, ఇంకేమున్నా నీవే అని చెప్పే మామూలు మాట అది. ఇవాళ్టి దస్తావేజుల్లోనూ రాస్తారు. అందరికీ తెలుసులే అనుకున్నాడు మహానుభావుడు. ఆ వీడియో చూసిన మా ఊరివాళ్ళకు మొదటి రెండక్షరాలు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఆ తర్వాతి ఆదివారం మేం అన్నం తింటుంటే మా తమ్ముడు ఫకీర్ సాహెబ్ వాట్సాప్‌లో వాయిస్ పంపాడు. "అక్కా, మజ్జాన్నం జేసీబీ వస్తాంది. రాయి పెకలిస్తాం. బావకు వాటా ఉంటాదిలే."

ఈయన తింటున్న పళ్ళెం పక్కన పెట్టేశాడు. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు. మామూలు ఫోను చేస్తే, బావ అరుస్తాడని తెలుసు కాబట్టి వాడు ఎత్తడు. ఇక మెసేజులే దిక్కు.

"రేయ్ ఫకీరా, అది ఉత్త రాతకోతల మాటరా! మీ చేని దస్తావేజు తీసి సూడు, దాంట్లోనూ అదే ఉంటాది" అని పంపాడు ఈయన.

వాడు నిజంగానే తీసి చూశాడు. "ఉంది బావా! అంటే మా చేన్లో గూడా ఉందా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఈయన రాయి చివరనున్న శాపం కూడా చదివి పంపాడు. దీన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున ఆవును చంపిన పాపాన పోతాడని.

"దానికేముంది బావా, టెంకాయ కొట్టి, దర్గాలో సక్కెర సదివిస్తాం."

మా మండలాఫీసుకు చేస్తే ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. ఈయన గది మధ్యలో నిలబడి చొక్కా వేసుకుంటున్నాడు. "మా కంపెనీ ముదీర్‌ను సెలవడిగి ఈ పొద్దే ఊరికి పోతా. ఎమర్జెన్సీ అంటా."

"ఎవురు సచ్చినారని సెప్తావు? రాయా?"

"ఊఁ" అన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాక అలాగే మంచం మీద కూలబడ్డాడు. ఫోను లాక్కున్నాను.

"రేయ్ ఫకీరా, మీ బావ నీకు అబద్ధం సెప్తాండాడు. నిధి రాయి కింద ల్యా. వంక అవతల మా చేన్లో ఉందని రాయి మీద గుర్తు రాసుంది. రాయిని ముట్టుకోవద్దండి, ఆడికి పోండి."

ఇన్నేళ్ళు ఇక్కడ కడుపు కట్టుకుని కొన్న చేను అది. మొన్ననే బోరు వేయించాం.

"బావ దాస్తాండాడని నాకు ముందే తెలుసక్కా!" అన్నాడు వాడు.

"చేను పాయె కదే" అన్నాడు ఈయన.

"పోతే పోనీ. మన్ను మళ్ళీ పూడ్చుకోవచ్చు."

అప్పుడు తిన్నాడు, ఆరిపోయిన అన్నం.

పొద్దు గూకేముందు వాడి మెసేజ్ వచ్చింది. "అక్కా, చేనంతా తవ్వినాం. ఏం ల్యా. బోరు పైపు పగిలింది, ఏమనుకోవాకు."

దానికి సిద్ధపడే ఉన్నాను. ఖలాస్, రాయి దక్కింది అనుకుంటుంటే ఇంకోటి వచ్చింది. "వంక దాటేటప్పుడు జేసీబీ చక్రం బురదలో దిగబడిందక్కా. నువ్వు ముట్టుకోవద్దన్యావు గానీ, దగ్గర్లో ఇంకో బండ ల్యాకపాయ. ఆ రాయినే పెరికి చక్రం కింద ఏసినాం. బండి బయటికొచ్చింది. రాయి మాత్రం తునకలైంది."

వెనకే ఫోటో వచ్చింది. సూర్యచంద్రులు ఒక ముక్క మీద ఉన్నారు. ఈయన ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, ఈ మూల నుంచి ఆ మూలకు వెతికాడు. "మనోళ్ళ వరస యాడుంది? నువ్వు సూడే, నాకు కండ్లు ఆనడంల్యా" అని ఫోను నా చేతికిచ్చాడు.

ఆ వరుస ఉండాల్సిన చోట చక్రం అచ్చు, రాతి పిండి ఉన్నాయి.

"నాకూ కనపడ్లా" అన్నాను.

ఆయన లేచి ఏసీ ఆపేశాడు. నెత్తిమీదుగా దుప్పటి కప్పుకున్నాడు. లోపలి నుంచి రాజుగారి గొంతు మొదలైంది. దూదేకేవాళ్ళ వరుస దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది, మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

ఆయన రికార్డు చేసుకునే ఫోను మాత్రం నా చేతిలోనే ఉంది.