ఎర్ర పెట్ట మెడ కింద గడ్డ

సర్పంచు ఎన్నికలో ఓడిపోయినప్పటి నుంచి దేవేంద్రప్పకు తీరిక ఎక్కువైంది. ఆత్మకూరుకు ఆటోలో పోయి వచ్చేంత దగ్గరున్న ఆ ఊళ్లో ఆయన్ని నాయకుడని పిలిచేవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని, టీ తాగి, "ఇప్పుడేం జేద్దామన్నా?" అని అడిగేవారు. ఏం చేయాలో ఆయనకూ తెలిసేది కాదు. సరిగ్గా అలాంటి రోజుల్లో ఆయన భార్య రామసుబ్బమ్మ పెంచుకునే ఎర్ర పెట్ట మెడ కింద గడ్డ లేచింది.

"ఏమయ్యా, దీన్ని చూడు. నిమ్మకాయంత ఉబ్బుండాది. నిన్నటి నుంచి మేత ముట్టల్యా" అంది రామసుబ్బమ్మ పెట్టను చంకలో పెట్టుకొచ్చి.

దేవేంద్రప్ప పెట్టను చూశాడు. తరువాత పెరటి గోడను చూశాడు. గోడకు అవతల హనుమేష్ ఇల్లు. ఎన్నికలో గెలిచింది ఆయనే.

"ఇది రోగం గాదుమ్మే. రాయి తగిలిన వాపు. పెట్ట గోడెక్కింటే వాళ్లు కొట్టినారు."

"నువ్వు చూసినావా?"

"చూడాల్నా? ఓడినోని కోడి అంటే అందరికీ లోకువే."

అరుగు మీద వాళ్లకు చాలా రోజుల తరువాత పని దొరికింది. అందరిలోకీ చురుకైన సుంకప్ప పెట్టను ఫొటో తీసి, 'మూగజీవిపై దాడి' అని పేరు పెట్టి ఊరి వాట్సాప్ గ్రూపులో వేశాడు. మధ్యాహ్నానికల్లా దాడిని ఖండించేవాళ్లు ఖండించారు. ఒకాయన ఫొటోను పెద్దది చేసి, గడ్డ ఏ వైపుకు తిరిగి ఉందో చూసి, రాయి ఏ దిక్కు నుంచి వచ్చిందో తేల్చేశాడు. ఫొటోలో పెట్ట ఏ దిక్కుకు నిలబడిందో ఎవరూ అడగలేదు.

హనుమేష్ ఊరుకుంటాడా? ఆయన అరుగు మీదా టీ తాగేవాళ్లున్నారు. "రాయీ లేదు, మన్నూ లేదు. ఆ కోడి దినామూ నా కల్లంలో శెనక్కాయలు మేస్తాది. ఆ గడ్డ నిండా నా కాయలే ఉండాయి. కోసి చూస్తే తెలుస్తాది" అన్నాడు.

దాంతో ఊరు రాయి అనేవాళ్లు, శెనక్కాయ అనేవాళ్లు అని రెండుగా చీలిపోయింది. టీ అంగడి దగ్గర ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. ఇంతమందిలో ఆ గడ్డను చేత్తో తడిమి చూసినవాడు ఒక్కడూ లేడు.

రామసుబ్బమ్మ మొగుడి మాట నమ్మి దెబ్బ వాపుకు వేసినట్టే పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసింది. పెట్ట ఇంకా నీరసపడి గంప పక్కన కళ్లు మూసుకుని కూర్చుంది. నోరు తెరిస్తే పుల్లటి వాసన. ఆమెకు భయం పట్టుకుంది.

"పశువుల ఆస్పత్రికి తీస్కపోదాం" అంది.

దేవేంద్రప్ప తల అడ్డంగా ఊపాడు. "సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తాండాం. పెట్టను గూడా తీస్కపోతాం. అంతవరకూ గడ్డ అట్లే ఉండాల. తగ్గితే సాక్ష్యం యాడిది?"

"సోమవారం దాకా కోడి బతకొద్దా?"

ఈ సంగతి దేవేంద్రప్ప ఆలోచించలేదు. సుంకప్ప మాత్రం ఆలోచించాడు. "సచ్చిపోతే ఇంకా మంచిదన్నా. టీవీవోళ్లు వస్తారు" అన్నాడు.

రామసుబ్బమ్మ వాళ్లకు ఇవ్వకుండానే, టీ గ్లాసులు ఉన్న పళ్లెం తెచ్చినట్టే లోపలికి తీసుకుపోయింది.

మరునాడు తెల్లవారగానే పెట్టను బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఆత్మకూరు ఆటో ఎక్కింది.

పశువుల డాక్టరు కృపమణి పెట్టను బల్ల మీద పెట్టించి మొదట గడ్డను వేళ్లతో మెల్లగా నొక్కింది. "రాత్రి మేత పెట్టినావామ్మా?"

"లేదు మేడం. నీళ్లు గూడా తాగల్యా."

"రాత్రి ఏమీ తినకపోతే పొద్దునకు మెడ కింద మేత సంచి ఖాళీగా, మెత్తగా ఉండాల. ఇది చూడు, మట్టిగడ్డ మాదిరి ఉండాది. లోపల ఏదో ఇరుక్కుంది. కిందికి దిగల్యా." తరువాత పసుపు పట్టు తుడిచి, ఈకలు తొలగించి చర్మం చూసింది. "దెబ్బ తగిలిన గుర్తయితే లేదు. ఎవరన్నా కొట్టినారన్నారా?"

"అన్నారు మేడం. ఊరంతా అన్నారు."

డాక్టరు కాస్త నూనె పోసి, సంచిని చాలాసేపు పిసికి చూసింది. ముద్ద కదల్లేదు. అప్పుడు మత్తు సూది వేసి, ఈకలు పీకి, చిన్నగా కోసింది. రామసుబ్బమ్మ పెట్ట కాళ్లు పట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది. పట్టకారుతో లాగుతుంటే ఎండుగడ్డి వచ్చింది, దాంతోపాటు తెల్లటి దారాలు పోగులు పోగులుగా వచ్చాయి. డాక్టరు ఒక పోగు కడిగి చూపించింది.

"ఇవి ఫ్లెక్సీ దారాలు. మీ ఇంట్లో యాడైనా ఫ్లెక్సీలు ఉండాయా?"

రామసుబ్బమ్మకు వెంటనే తట్టింది. ఎన్నికల్లో మిగిలిపోయిన ఫ్లెక్సీలను దేవేంద్రప్పే కోళ్ల గూటి మీద కప్పాడు. ఎండకు అవి చీలి, అంచుల నుంచి దారాలు వేలాడుతున్నాయి. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

కుట్లు వేయించుకుని, మందు తీసుకుని ఇంటికి వచ్చేసరికి అరుగు కిటకిటలాడుతోంది. కోడిని ఎత్తుకుపోయారని అప్పటికే గ్రూపులో పడింది. దేవేంద్రప్ప పరుగున వచ్చి బుట్ట మీద గుడ్డ తీశాడు. గడ్డ లేదు. ఆయన మొహం చిన్నబోయింది. అంతలో కుట్లు కనిపించాయి.

"ఇది కత్తి గాయం!" అన్నాడు.

"డాక్టరమ్మ కోసింది."

"ఆ డాక్టరమ్మ ఎవరి మనిషి?"

రామసుబ్బమ్మ బుట్ట కింద పెట్టింది. అంతమంది ముందర మొగుడికి ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. అయినా చెప్పింది. "కోళ్లగూటి మీద నువ్వు కప్పిన ఫ్లెక్సీ దారాలు తిని దానికి గొంతు పూడుకపోయింది. రాయీ గాదు, శెనక్కాయలూ గాదు. నీ ఫ్లెక్సీనే. ఇంగ జరుగు, దానికి గంజి తాపాల."

సుంకప్ప ఫోను జేబులో పెట్టుకుని, పని ఉందని లేచాడు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. దేవేంద్రప్ప పెరట్లోకి పోయి, గూటి మీది ఫ్లెక్సీ విప్పి, తన మొహం లోపలికి వచ్చేట్టు మడిచి, అటక మీద పెట్టాడు. సోమవారం ఆయనకు ఒళ్లు బాగాలేకపోయింది.

పెట్టకు మెత్తటి సంకటి, మజ్జిగ పెట్టి రామసుబ్బమ్మ దాన్ని బతికించుకుంది. మళ్లీ చూపించుకు రమ్మన్న రోజు ఆమె ఆటో కోసం నిలబడితే, గోడ అవతలి నుంచి హనుమేష్ భార్య వచ్చింది. ఆమె చేతిలోనూ బుట్ట ఉంది.

"అక్కా, మా పుంజు కుంటుతాండాది. ఎవరో కొట్టినారని మా ఆయన అంటాండాడు" అని, బుట్ట సర్దుకుని, "ఆయన మాట ఎందుగ్గానీ, నీతోబాటు వస్తా" అంది.

"రామ్మా, ఎక్కు" అని రామసుబ్బమ్మ అప్పుడే వచ్చిన ఆటో ఎక్కి జరిగి కూర్చుంది.