తడి నేలకు అవతల

"గుమ్మం దగ్గర మొదలెట్టు. పక్క రేవు బోటాయనొచ్చి తొంగి చూడగానే రంగు కనపడాలి," అన్నాడు భర్త, పడవ క్యాబిన్‌లోకి దిగే మెట్ల మీద నిలబడి.

నేలకి రంగు వేసేటప్పుడు లోపలి మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి వెనక్కి రావాలని, ఇల్లు తడిబట్ట పెట్టి తుడిచిన ఏ ఆడదానికైనా తెలుసు. "లోపల్నుంచి అయితే..." అనబోయింది ఆమె. "అబ్బ, ప్రతిదానికీ ఓ వంక," అన్నాడాయన. ఆమె డబ్బా మూత తీసింది. పెళ్ళైన కొత్తలో అయితే ఆమె ఓ మాట అనేది, ఆయన నాలుగు అనేవాడు, సాయంత్రం దాకా ఇద్దరూ మూతులు ముడుచుకుని తిరిగేవాళ్ళు. ఇప్పుడు కోపం కూడా రావడం లేదు. కోపం తెచ్చుకోవడానికైనా కాస్త ఓపిక మిగలాలి కదా!

అది మామూలు రంగు కాదు. సన్నటి ఇసుక కలిపిన, కాళ్ళు జారనివ్వని పెయింటు. కలుపుతూ ఉండకపోతే ఇసుకంతా అడుక్కి దిగిపోతుంది. మధ్యలో ఆపితే ఆపిన చోట గీత తేలుతుంది. ఆ డబ్బా పడవలోకి రావడానికి ఒక కథ ఉంది. పోయిన వానాకాలం, షికారుకొచ్చిన వాళ్ళు తాగేసిన టీ కప్పులు తీసుకొస్తూ ఆమె ఈ నేల మీదే జారి వెల్లకిలా పడింది. పైనుంచి తొంగి చూసిన భర్త మొట్టమొదట అడిగింది, "కప్పులు పగిలాయా?" అని. పగల్లేదు. ట్రేని గుండెలకు హత్తుకుని మరీ పడింది మహాతల్లి! నడుం నొప్పితో ఆమె నెలంతా గోడలు పట్టుకుని నడిచినా ఆయన పెయింటు మాట ఎత్తలేదు. ఆ తర్వాత షికారుకొచ్చిన ఓ పెద్దమనిషి కాస్త తూలి మోకాలు కొట్టుకుంటే మర్నాడే పరుగెత్తి కొనుక్కొచ్చాడు.

గోడల పని అప్పటికే అయిపోయింది. అవి చవక ప్లైవుడ్ గోడలు. ఉప్పు కాగితంతో రుద్ది, లేత రంగు వేసి, ఆరాక దాని మీద పల్చటి ముదురు రంగు పూసి, అది తడిగా ఉండగానే పొడి బ్రష్షుతో పైనుంచి కిందికి లాగింది. చారలు చారలుగా టేకు చెక్కలా తేలింది. అక్కడక్కడ బొటనవేలితో తిప్పి కణుపులు కూడా పెట్టింది. గుండ్రటి కిటికీల చుట్టూ సన్నగా బంగారు రంగు గీత. అవన్నీ చేస్తున్నప్పుడు చెయ్యి ఒక్కటే మెలకువగా ఉండేది, మిగతా మనిషి ఎక్కడో నిద్రపోయేది. ఇంటికెళ్తే అత్తగారు గోళ్ళ వంక చూసి, "ఆ చేతులతోనే వడ్డిస్తావా?" అనేది. ఆమె వెళ్ళి మళ్ళీ చేతులు రుద్దుకుని వచ్చేది. మరి ఆ చేతులు తప్ప ఆ ఇంట్లో వడ్డించే చేతులు వేరే ఉంటేగా!

రోలరు దొర్లిస్తూ దొర్లిస్తూ చివరి పట్టీ కూడా పూర్తి చేసి, పడవ ముక్కులో ఉన్న పడక మీదికి ఎక్కి కాళ్ళు పైకి తీసుకుంది. అప్పుడు చూసింది. తనకీ గుమ్మానికీ మధ్య నేలంతా తడిగా మెరుస్తోంది. నెత్తి మీద గాలి కోసం పెట్టిన కిటికీలోంచి పిల్లి పోగలదేమో, ఆమె పోలేదు. నవ్వొచ్చే సంగతే. నవ్వు రాలేదు.

మెట్ల పక్క అరలో ఫోను మోగింది. భర్త వచ్చి తీశాడు. "అమ్మ. చక్కెర డబ్బా ఎక్కడ పెట్టావంటోంది."

"రెండో అరలో. ఎడం పక్కన."

ఆ మాట ఫోనులోకి చేరవేసి, "ఇంక బయటికి రా, వంట చూడాలిగా," అన్నాడు.

"ఎలా రాను?"

ఆయన నేల వంక చూశాడు, ఆమె వంక చూశాడు, మళ్ళీ నేల వంక చూశాడు. "బుర్ర ఉందా నీకు? గుమ్మం దగ్గర ఎవరైనా మొదలెడతారా?"

ఆ మాట ఆమెకి తగలను కూడా లేదు.

"పక్కనుంచి మునివేళ్ళ మీద మెల్లిగా వచ్చెయ్."

"అచ్చులు పడతాయండీ. ఆయనొస్తున్నారన్నారుగా."

భర్త మెట్లెక్కి బయటికి పోయాడు. గట్టు మీద కాలుగాలిన పిల్లిలా కాసేపు తిరిగి, ఏదో గొణుక్కుంటూ ఇంటికి పోయాడు.

ఆమె పడక మీద వాలింది. పట్టపగలు ఇలా నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. నీళ్ళు పడవ పక్కన మెల్లిగా తడుతున్నాయి. ఇంట్లో ఇప్పుడు ఎవరు గిన్నె దించుతున్నారో, ఎవరు ఎవరిని కేకలేస్తున్నారో, అత్తగారి మాత్రలు ఎవరిచ్చారో అని అలవాటుగా బుర్రలోకి వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే పోయాయి. వెళ్ళి చూడాలని మాత్రం అనిపించలేదు. సంతోషమా అంటే అదీ కాదు. పని చేస్తూ మొద్దుబారడం ఆమెకి తెలుసు. ఏ పనీ లేకుండా మొద్దుబారడం ఇదే మొదలు, అది అంత కష్టంగా లేదు.

కాసేపటికి భర్త ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పక్క రేవులో పెద్ద బోటున్న కళ్ళద్దాలాయన.

"ఇది టేకేనా?" అన్నాడాయన గుమ్మంలోంచే గోడ తడిమి.

"ప్లైవుడ్డే సార్! మేమే వేసుకున్నాం. బయటివాళ్ళని నమ్మలేం."

"చెయ్యి ఎవరిది?"

"మా ఆవిడకి ఇలాంటి సరదాలున్నాయిలెండి. ఊరికే కూర్చోలేదు. మీ బోటు కూడా రేపే మొదలెట్టేస్తుంది. ఛ ఛ, డబ్బులేంటి సార్, మనలో మనకి!"

ఆమె కష్టాన్ని దానం చెయ్యడంలో మాత్రం ఆ మహానుభావుడి చేతికి ఎముక లేదు. కళ్ళద్దాలాయన బోటు దీనికి రెండింతలు. ఇంటి పని ఎలాగూ ఉండనే ఉంటుంది. మళ్ళీ మోకాళ్ళ మీద ఎన్నాళ్ళు పాకాలో ఆమె నడుముకి ముందే తెలిసిపోయింది.

"అయ్యో, మీరు లోపలే ఉన్నారామ్మా? చూడలేదు. మీకు వీలవుతుందా మరి?" అన్నాడాయన ఆమె కేసి చూసి.

"ఆవిడకేం పనుంటుంది సార్?" అన్నాడు భర్త.

పొద్దున్నే తాళాలు పంపిస్తానని ఆయన వెళ్ళిపోయాడు. భర్త కూడా వెనకాలే సాగనంపడానికి వెళ్ళాడు.

ఎండ ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి మారాక ఆమె కిందికి వంగి వేలితో నేల తాకింది. అంటుకోలేదు. అరచెయ్యి ఆనించి నొక్కింది. ఆరిపోయింది. ఒక పాదం దించింది. గరుగ్గా ఉంది. ఎంత బరువు మోపినా జారేలా లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆమె పాదం పైకి తీసేసుకుంది.

"ఎండిందా? అంట్లన్నీ అలాగే ఉన్నాయి. అమ్మ ఎదురుచూస్తోంది."

"లేదు."

ఆయన గుమ్మం దాటించి ఒక కాలు చాపాడు. పెట్టి చూస్తే తెలిసిపోయేదే. కొత్త చెప్పులకి అంటుకుంటుందేమోనని వెనక్కి తీసుకున్నాడు.

"సాయంత్రానికైనా?"

"ఎండదు."

"మరి రేప్పొద్దున ఆయన బోటు? నేను మాటిచ్చేశానే!"

ఆమె మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

"రేపటికి కూడా ఎండదండీ," అంది.