ఒక తల, రెండు మొక్కులు

మా మనవడు సాత్విక్ తల మీద ఇద్దరు దేవుళ్లు కూర్చున్నారు. తప్పు దేవుళ్లది కాదు. నాదీ, మా వియ్యపురాలు బాలమణిదీ.

వాడు నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, అనకాపల్లిలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే సింహాచలం అప్పన్నకి మొక్కేశాను. బతికించు తండ్రీ, వీడి పుట్టు వెంట్రుకలు నీకే అని. అదే రోజు సిరిసిల్లలో ఆవిడ అవే వెంట్రుకలు వేములవాడ రాజన్నకి మొక్కేసింది. ఒకరికొకరం చెప్పుకుంటేగా! ఇద్దరం అమెరికాలో పిల్లలుండే ప్లేనో వచ్చి, పిల్లాడికి పిలక వేస్తుంటే సంగతి బయటపడింది. రామ రామ!

వచ్చే నెలలో వాడికి మూడో ఏడు నిండుతుంది. ఆలోగా తీయించాలి. ఇండియా వెళ్దామంటే అల్లుడికి వీసా స్టాంపింగ్ భయం, మళ్లీ రానిస్తారో లేదోనని.

"ఇక్కడి టెంపుల్‌లోనే తీయించేద్దాం అమ్మా. ఏ దేవుడైనా ఒకటేగా," అంది మా అమ్మాయి జాహ్నవి.

"ఎలా ఒకటవుతాడే? మా అప్పన్న ఉగ్రమూర్తి. మొక్కు తప్పితే ఊరుకుంటాడా?" అన్నాను.

"మా రాజన్న అసలే ఊకోడు," అంది బాలమణి.

పైకి ఇలా దెబ్బలాడుతున్నా లోపల ఒకటే దడ. పిల్లాడు తుమ్మినా భయమే. ఇచ్చినవాడు మళ్లీ తీసుకుపోతాడేమోనని.

ఆదివారం జాహ్నవి, అల్లుడు సరుకులకి వెళ్లారు. మేమిద్దరం వంటింట్లో బెండకాయలు తరుగుతూ పంపకాలు మొదలుపెట్టాం.

"పోనీ వదినా, ముందు సగం మాకు, వెనక సగం మీకు."

"ఆహా! మంచియన్ని మీకు, చిక్కువడ్డయి మాకా?"

అప్పుడు గమనించాను, హాల్లో చప్పుడే లేదు. పిల్లలున్న ఇంట్లో అది మంచి సూచన కాదు. పరుగెత్తి చూస్తే కార్పెట్ నిండా జుట్టు. ఆరేళ్ల మనవరాలు స్మృతి చేతిలో కాగితాల కత్తెర. సాత్విక్ తల కోడి కెలికిన పాదులా ఉంది.

"ఓసి భడవా, ఎంత పని చేశావే!" అంటూ చెయ్యెత్తాను. బాలమణి "రాజన్నా!" అని అక్కడే కూలబడింది.

స్మృతి మొహం ఏడుపుకొచ్చింది. "తమ్ముడికి కళ్లలో హెయిర్ పడుతోంది. కనబడక స్లైడ్ మీద పడ్డాడు. వాడే కట్ చెయ్ అన్నాడు." నా ఎత్తిన చెయ్యి వంక చూసి అడిగింది. "గాడ్ కూడా నీలాగే యాంగ్రీ అవుతాడా అమ్మమ్మా?"

నాలాగా? శుభలేఖ ఆలస్యంగా ఇచ్చారని ఆడపడుచు కూతురి పెళ్లికి వెళ్లకుండా అలిగి కూర్చున్నది నేను. కాఫీ చల్లారితే గ్లాసు తోసేసేదీ నేనే. ఆ బుద్ధులన్నీ తీసుకెళ్లి అప్పన్నకి అంటగట్టాను. ఆయన నిజంగా నాలాంటివాడే అయితే ఆ రోజు నా మొక్కు వినేవాడా? ఏళ్ల తరబడి కొండ మొహం చూడనిదానివి, ఇప్పుడు గుర్తొచ్చానా అని తలుపేసుకునేవాడు కాదూ! ఫోన్ దగ్గర ఒక్క పిలుపు పిలిస్తే గుప్పెడంత ప్రాణాన్ని నిలబెట్టాడు మహానుభావుడు. ఆయన ఎలా ఉంటాడో నాకేం తెలుసు? నాలా మాత్రం ఉండడు.

"ఐ సీ యూ, అమ్మమ్మా!"

సాత్విక్ నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని పకపకా నవ్వుతున్నాడు. ఎత్తిన చెయ్యి దించి పిల్లలిద్దర్నీ ఒళ్లోకి లాక్కున్నాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి నాకు.

"అవ్ వదినె, కోపం నాది," అంది బాలమణి కళ్లు తుడుచుకుంటూ. "పాపం రాజన్నను బద్నాం చేసిన."

జుట్టంతా ఇద్దరం ఏరి ఒకే పసుపు గుడ్డలో మూటకట్టాం. ఎవరి వాటా ఎంతో చూడలేదు. జాహ్నవి వచ్చి నెత్తీ నోరూ కొట్టుకుని, ఆపైన కడుపుబ్బ నవ్వి, అల్లుడి ట్రిమ్మర్‌తో వాడికి నున్నగా గుండు చేసింది. నేను గంధం కలిపాను. సింహాచలంలో స్వామికి చల్లగా ఉండాలని ఏడాది పొడుగునా చందనం పూసి ఉంచుతారు. ఆ మధ్యాహ్నం వాడి గుండుకి ఇద్దరం చెరోవైపూ గంధం రాస్తుంటే చల్లబడింది మాత్రం నేను.

గిన్నెలో ఇంకా కాస్త మిగిలింది. బాలమణి దాన్ని వేళ్లతో తీసి నా మెడకి పట్టించింది.

"నీకే ఎక్కువ అక్కర వదినె," అంది.